ముఖచిత్ర లేఖనము: కొలతయు, చూపును

మన పాఠశాలలలో చిత్రలేఖనమునకు గల స్థానము మిక్కిలి స్వల్పము. వారమునకు ఒకటి రెండు గంటలు కాలపట్టికలో కనబడును గాని, పరీక్షలు సమీపించిన వెంటనే ఆ గంటలు గణితమునకో, ఆంగ్లమునకో అప్పగింపబడును. మిగిలిన కొద్దిపాటి కాలములో బాలబాలికలు పూలకుండలు, మామిడిపండ్లు, రెండు కొండల నడుమ ఉదయించు సూర్యుడు, వీనినే గీయుచుందురు. మనుష్య ముఖమును గీయుటకు మాత్రము సాహసించువారు అరుదు. అది పుట్టుకతో రావలసిన విద్య యనియు, వరము లేనివారు దాని జోలికి పోరాదనియు పెద్దలును పిన్నలును నమ్మియున్నారు. ఈ నమ్మకము సరికాదనియు, ముఖమును గీయుట నేర్పదగినదియు నేర్వదగినదియునైన విద్యయే యనియు, దాని కాధారములైన ప్రాచీన ప్రమాణములను ప్రతి విద్యార్థియు అభ్యసింపవలయుననియు మా యభిప్రాయము. దీనితోపాటు మఱియొక మాట చెప్పవలసియున్నది. ఆ ప్రమాణములు మన చూపునకు సేవకులు మాత్రమే. మనుష్యుల ముఖములకు తీర్పరులు కావు. ఈ రెండవ మాటను మఱచినచో మొదటి మాట మేలుకంటె కీడే యెక్కువగ చేయును. కావున రెండింటిని కలిపి విచారింతము.

ఏమియు నేర్పక ఒక బాలునితో ముఖమును గీయుమని చెప్పినచో అతడు సాధారణముగ చేయు పని యిది. మొదట ఒక గుండ్రని గీత గీయును. దానిలో పైభాగమునకు చేరువగ రెండు కన్నులుంచును. కన్నుల క్రింద ముక్కు, ముక్కు క్రింద నోరు పెద్దవిగ గీయును. నుదురు బెత్తెడైనను మిగులదు, నడినెత్తి కోసివేసినట్లుండును. చెవులు కూజా పిడులవలె ఎక్కడనో అంటుకొనియుండును. ఇది బాలుని తెలివితక్కువ కాదు. మన మనస్సు మాటాడు నోటిని, చూచు కన్నులను గొప్పవిగ నెంచును. ఊరకయుండు నుదుటిని, జుట్టు క్రింది కపాలమును లెక్కపెట్టదు. తాను గొప్పగ నెంచినదానికే ఎక్కువ చోటు నిచ్చును. అనగా ఆ బాలుని చేయి కన్ను చూచినదానిని గీయుట లేదు. మనస్సు తలంచినదానిని గీయుచున్నది. ప్రమాణము యొక్క మొదటి యుపయోగ మిచ్చటనే కలదు. తెలిసినదనుకొన్నదానిని ప్రక్కకు నెట్టి, ఉన్నదానిని చూడుమని అది కంటికి ఆజ్ఞాపించును.

ఆ ప్రమాణములు కష్టమైనవి కావు. కాగితముపై సన్నని కొన క్రిందికి నుండునట్లు కోడిగ్రుడ్డు ఆకారమును తేలికగ గీయవలయును. నడినెత్తినుండి గడ్డపుకొనవఱకు ఒక నిలువు గీత గీచి, ఆ గీతను సరిగ సగము చేసి ఒక అడ్డగీత గీయవలయును. ఈ అడ్డగీతయే కన్నుల గీత. కన్నులు తలకు నట్టనడుమ నుండునని మొదటిసారి విన్నవారు నమ్మరు. అద్దమునెదుట నిలిచి పెన్సిలుతో కొలిచి చూచినగాని వారి సందేహము తీరదు. తల వెడల్పు ఇంచుమించు అయిదు కన్నుల వెడల్పు. రెండు కన్నుల నడుమ ఒక కన్ను పట్టునంత చోటుండును. ఇరుప్రక్కల మఱి రెండు కన్నులకు చోటుండును. పిమ్మట వెండ్రుకల మొదటినుండి గడ్డపుకొనవఱకు గల ముఖమును మూడు సమభాగములు చేయవలయును. మొదటి భాగము కనుబొమలవఱకు గల నుదురు, రెండవది ముక్కు, మూడవది ముక్కు క్రిందనుండి గడ్డమువఱకు గలది. ఈ మూడవ భాగమును మరల మూడు చేసినచో, పైనుండి మొదటి గీతపై పెదవులు రెండును కలిసికొనును. ముక్కు అడుగున వెడల్పు కన్నుల నడిమి దూరమునకు సమానము. చెవి పైయంచు కనుబొమకును, తమ్మె ముక్కు క్రిందిభాగమునకును సరితూగును. ఇంతమాత్రము తెలిసిన పదేండ్ల బాలిక యొక గంటలో ముఖము నిలుచునట్లు గీయగలదు.

ప్రక్కనుండి చూచిన ముఖమునకు వేఱొక హెచ్చరిక కావలయును. తల ముందునుండి వెనుకకు గల కొలత, నడినెత్తినుండి గడ్డమువఱకు గల కొలతకు ఇంచుమించు సమానము. చెవి ఆ కొలతలో సగమునకు వెనుకగ నుండును. నేర్వనివారు తల వెనుకభాగమును కోసివేసి చెవిని చెంపపైకి లాగుదురు. ఇక పసివారి ముఖములకు ఈ ప్రమాణములు యథాతథముగ వర్తింపవు. శిశువునకు కపాలము పెద్దది, ముఖము చిన్నది. కావున వారి కన్నులు తల నడిమి గీతకు క్రిందుగ నుండును. వయసు పెరిగిన కొలది దవడయు ముక్కును పెరిగి, కన్నులు నడిమికి చేరినట్లగపడును. ఈ భేద మెఱుగనివారు గీచిన ఊయలలోని బిడ్డ ముసలివానివలె కనబడుటకు కారణ మిదియే.

ఈ కొలతలు నిన్నమొన్న పుట్టినవి కావు. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దములో గ్రీకు శిల్పియగు పాలిక్లీటసు అవయవముల పరస్పర పరిమాణములను గూర్చి ఒక గ్రంథము రచించెను. ఆ గ్రంథము నశించినది. ఈటె ధరించిన యువకుని రూపముగ నతడు చేసిన విగ్రహమునకు పిమ్మటివారు చెక్కిన ప్రతులు మాత్రము మిగిలినవి. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దములో రోమీయ వాస్తుశిల్పియగు విట్రూవియసు తన వాస్తుగ్రంథము మూడవ భాగములో దేహపు కొలతలను వ్రాసియుంచెను. గడ్డమునుండి వెండ్రుకల మొదటివఱకు గల ముఖము దేహపు పొడవులో పదియవ వంతనియు, గడ్డమునుండి నడినెత్తివఱకు గల తల ఎనిమిదవ వంతనియు, ముఖము మూడు సమభాగము లనియు అతడు చెప్పెను. దేవాలయమును కట్టువాడు మొదట మనుష్యదేహపు పొందికను తెలిసికొనవలయునని అతని యుద్దేశము. 1490 ప్రాంతమున లియొనార్డో డా విన్చి ఈ మాటలనే ఆధారముగ గొని వృత్తములోను చతురస్రములోను నిలిచిన మనుష్యుని గీచెను. ఆ చిత్రము వెనిసు నగరములో భద్రపఱుపబడియున్నది.

మన దేశమున శిల్పశాస్త్రములు ఈ విషయమునే వేఱుమాటలతో చెప్పినవి. విష్ణుధర్మోత్తర పురాణము మూడవ ఖండములోని చిత్రసూత్రము ముఖమును పండ్రెండు అంగుళములుగ విభజించినది. ఆ పండ్రెండు అంగుళములే ఒక తాళము. నుదురు నాలుగు, ముక్కు నాలుగు, ముక్కు క్రిందనుండి గడ్డమువఱకు నాలుగు. తొమ్మిది తాళముల యెత్తు, అనగా 108 అంగుళములు గలవాడు హంసుడు. భద్రునకు 106, మాలవ్యునకు 104, రుచకునకు 100, శశకునకు 90 అంగుళములు. కన్ను వింటివలె వంగియుండవచ్చును, చేపపొట్టవలె నుండవచ్చును, కలువరేకువలె లేదా తామరరేకువలె నుండవచ్చును. ఆయా భావమును బట్టి ఆకారము మాఱును. రోములోను భరతఖండములోను ముఖము మూడు సమభాగములుగనే కొలువబడుట గమనింపదగినది. అంతకంటె గమనింపదగినది మఱియొకటి కలదు. మన శాస్త్రకారులు ఒక్క మనుష్యునే ప్రమాణముగ నిలుపలేదు, అయిదుగురిని నిలిపిరి. పొడుగువాడు, పొట్టివాడు, ఎవని పొందిక వానిదే. అబనీంద్రనాథ ఠాకూరు 1914లో భారతీయ శిల్పములోని దేహలక్షణములను గూర్చి ప్రకటించిన చిన్న గ్రంథములో, ఈ నియమములు శిల్పికి తోడ్పడుటకే గాని అతనిని బంధించుటకు గావని స్పష్టపఱచెను. విశ్రాంతిదినమును గూర్చి మన ప్రభువు పరిసయ్యులకు చెప్పిన బుద్ధి యెట్టిదో చదువరులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. నియమమునకును మనుష్యునకును గల సంబంధము చిత్రములోను అట్టిదే.

ఈ ప్రమాణములు సృష్టినియమములా, లేక శిల్పులు కల్పించుకొన్న సౌకర్యములా యని యెవరైన అడుగవచ్చును. దీనికి సమాధానము కొలిచి చూచినవారే యిచ్చిరి. కెనడా దేశపు శస్త్రవైద్యుడగు లెస్లీ ఫార్కసు 1985లో ప్రకటించిన పరిశోధనలో, చిత్రకారుల ప్రాచీన కొలతలను ఉత్తర అమెరికాలోని శ్వేతజాతి యువతీయువకుల ముఖములతో సరిపోల్చెను. ఆ కొలతలు ఏ యూరపు ఖండమున వెలసినవో, ఆ ఖండపు సంతతివారి ముఖములే వానితో తఱచుగ సరిపడలేదు. నుదురు, ముక్కు, గడ్డము సమానముగ నుండుట శాస్త్రములోని మాట. మనుష్యులలో ఒకనికి నుదురు పొడవు, మఱియొకనికి గడ్డము పొడవు. అట్లయిన ఆ కొలతలు నిరర్థకములా? కానేకావు. వడ్రంగి తూకపుగుండు ఏ గోడకును అందమును కలిగింపదు. గోడ ఎంత ఒరిగినదో చూపును. దర్జీ నేలపై పఱచిన టేపు ఎవని భుజములనైన మార్చునా? ప్రమాణమును ఎదుట నుంచుకొన్నవానికే, ఈ ముఖములో కన్నుల నడిమి చోటు ఒక కన్నుకంటె విశాలము, ఈమె పైపెదవి పొడవు, ఈతని చెవి తమ్మె ముక్కు గీత దిగివచ్చినది యను సంగతులు కంటబడును. పోలిక యనునది ఆ తేడాలలో నున్నది. ఎవని ముఖము వానిదగుట ఆ తేడాల వలననే.

ఈ సత్యమును తన జీవితముతో చూపినవాడు జర్మనీ దేశపు చిత్రకారుడగు ఆల్బ్రెఖ్టు డ్యూరరు. అతడు యౌవనమున సౌందర్యమునకు ఒకే గణితసూత్ర మున్నదని తలంచి, దానిని కనుగొనుటకు ఏండ్ల తరబడి శ్రమించెను. 1504లో అతడు చెక్కిన ఆదాము హవ్వల చిత్రము ఆ శ్రమ ఫలము. కాని స్త్రీపురుషులను కొలిచిన కొలది ఒక సూత్రము చాలదని తేలెను. తుద కతడు రచించిన మనుష్య పరిమాణ గ్రంథము నాలుగు భాగములు, 1528లో అతని మరణానంతరము వెలువడినది. అందులో లావువారు, సన్నవారు, పొడుగువారు, పొట్టివారు, పలువిధముల వారికి వేఱువేఱు కొలతలున్నవి. తలపై గీచిన అడ్డగీతలను పైకి క్రిందికి జరిపినచో నుదురు తగ్గి ముక్కు పెరిగి ఒకే పటమునుండి భిన్నముఖము లెట్లు పుట్టునో అతడు చూపెను.

ఆ గ్రంథముకంటె గొప్ప పాఠ మొకటి ఒక బొగ్గుగీతల చిత్రములో నున్నది. 1514లో డ్యూరరు తన తల్లిని గీచెను. ఆమెకు అప్పటికి అఱువదిమూడేండ్లు. పదునెనమండుగురు బిడ్డలను కని, వారిలో పెక్కుమందిని పోగొట్టుకొని, రోగములను దారిద్ర్యమును అనుభవించిన దేహ మది. నుదుట ముడుతలు, పైకి పొడుచుకొనివచ్చిన చెంపయెముకలు, నరములు తేలిన మెడ, ఒకే దిక్కునకు చూడని రెండు కన్నులు, బిగిసిన పెదవులు. ఆ ముఖమున శాస్త్రము చెప్పిన సౌందర్య మొక్కటియు లేదు. ఆ కుమారుడు దేనిని దాచలేదు, దేనిని దిద్దలేదు. రెండు మాసములకు ఆమె గతించెను. యూరపులో ఆ కాలమున కొలతలను అతనికంటె నెక్కువ ఎఱిగినవాడు అరుదు. అయినను ఆ యెఱుక తల్లి ముఖమును సరిదిద్దుటకు గాక, ఉన్నదున్నట్లు చూచుటకే ఉపయోగపడెను. కొలతయొక్క సాఫల్య మిదియే యని మేము తలంతుము.

దీనికి విరుద్ధమైన మార్గమును కూడ చరిత్ర యెఱుగును. హాలండు దేశపు వైద్యుడగు పీటరు కాంపరు 1770లో ఆంస్టర్డాం నగరమున చిత్రకారులకు ఉపన్యాసము లిచ్చెను. తూర్పుదేశపు జ్ఞానులను చిత్రించువారు వారిలోని నల్లవానికి యూరపువాని ముఖమునే గీచి నలుపు పూయుచున్నారని గమనించి, నిజమైన ముఖభేదములను చూపుటకై నుదుటికిని దవడకును నడుమ ఒక కోణమును కొలిచెను. ఉద్దేశము మంచిది. మనుష్యులందఱును ఒకే తలిదండ్రుల సంతతి యని అతని విశ్వాసము. కాని అతడు ఆ కోణములను వరుసగ పేర్చునప్పుడు గ్రీకు విగ్రహమును ఒక కొనను, కోతిని మఱియొక కొనను నిలిపెను. పిమ్మటివారు ఆ వరుసను నిచ్చెనగ మార్చి, జాతులను మెట్లపై నిలిపి, బానిసత్వమునకు దానిని సమర్థనగ వాడుకొనిరి. కొలత తీర్పరి పీఠ మెక్కెను.

ఈ దేశమునకును ఆ జాడ్యము వచ్చెను. 1901 జనాభా లెక్కలకు అధికారిగ నుండిన హెర్బర్టు రిజ్లీ దొర, ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వచ్చిన సంఖ్యను బట్టి కులముల హెచ్చుతగ్గులను నిర్ణయింపవచ్చునని వాదించెను. ముక్కు సన్ననైన కొలది కులము పెద్దదట! డాక్టరు అంబేద్కరు 1948లో అస్పృశ్యులను గూర్చి ప్రకటించిన గ్రంథములో ఆ ముక్కు కొలతల పట్టికలనే తీసికొని పరిశీలించి, వాని ప్రకారము చూచినను బ్రాహ్మణుడును అస్పృశ్యుడును ఒకే జాతివారని తేలుచున్నదని చూపెను. ఈ చరిత్ర మన బడిపిల్లలకు దూరమైనది కాదు. ఈ బల్లలపై కూర్చున్న పెక్కుమంది తాతముత్తాతలను ముఖము చూడకుండ, నీడ సోకకుండ దూరముగ నిలిపిన కాలమొకటి యుండెను. వారి సంతతికి ముఖమును గీయుట నేర్పునపుడు, ఏ కొలత ఏ పనికి వాడబడినదో ఉపాధ్యాయు డెఱిగియుండవలయును.

నేటి స్థితి యేమి? రంగుపెట్టెలోని లేతగులాబి కడ్డీని పిల్లలు 'చర్మపు రంగు' అని పిలుచుకొందురు. ఎవరి చర్మపు రంగు? తరగతిలో నలువదిమంది యున్నచో ఆ రంగు చర్మము గలవాడు ఒక్కడును ఉండడు. అమ్మను గీయుమనినను ఆ కడ్డీయే. అవ్వను గీయుమనినను ఆ కడ్డీయే. ముక్కు సన్నగ, పెదవి పలుచగ, కన్ను క్యాలెండరులోని బొమ్మకన్ను. పెండ్లి ప్రకటనలలో మేనిరంగు ఇప్పటికిని ఒక అర్హతగ అచ్చగుచున్నది. చేతిలోని ఫోను ముఖమును తానే తెల్లబఱచి, ముక్కును సన్నగించి, దవడను చెక్కి చూపుచున్నది. పండ్రెండేండ్ల బాలిక ఆ దిద్దిన ముఖమును చూచి, పిమ్మట అద్దములోని తన ముఖమును చూచి సిగ్గుపడుచున్నది. ప్రమాణమును తీర్పరిగ నిలుపుట పాతకాలపు దొరలతో ముగిసినదని తలంపరాదు. అది ఇప్పుడు ప్రతి జేబులోను ఉన్నది.

క్రైస్తవులమగు మన యిండ్లలో ఈ విషయము మఱింత సన్నిహితమైనది. గోడపైనున్న ప్రభువు ముఖము తఱచుగ అమెరికా చిత్రకారుడగు వార్నరు సాల్మను 1940లో చిత్రించిన ముఖమో, దాని పోలికయో అయియుండును. కోట్లకొలది ప్రతులు అచ్చయి లోకమంతయు వ్యాపించిన చిత్ర మది. దానిని చూచి ప్రార్థించినవారి భక్తిని మేము తక్కువ చేయము. అయినను గలిలయలో పుట్టిపెరిగిన యూదుడు ఆ శ్వేతవర్ణముతో, ఆ మెత్తని జుట్టుతో నుండెనని యే సువార్తికుడును వ్రాయలేదు. పదునేడవ శతాబ్దమున రెంబ్రాంటు ఆంస్టర్డాములో యూదుల పేటకు చేరువగ కాపురముండి, పొరుగుననున్న యూదు యువకుని ముఖమును చూచి క్రీస్తు ముఖమును చిత్రించెనని పండితులు తలంచుచున్నారు. 1656లో అతడు అప్పులపాలైనప్పుడు వ్రాయబడిన వస్తువుల పట్టికలో, సజీవుని చూచి గీచిన క్రీస్తు తల యొకటి పేర్కొనబడినది. గోవాలో జన్మించిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) శాంతినికేతనములో విద్య నేర్చి, మరియమాతను చీరకట్టిన చామనచాయ స్త్రీగ చిత్రించెను. ఇట్టివారికి కొలతలు తెలియకపోలేదు. వారు అచ్చుబొమ్మను గాక ఎదుటి మనుష్యుని చూచిరి.

తెలుగువారికి ఈ చూపు క్రొత్తది కాదు. అమరావతి స్తూపమున చెక్కిన ముఖములు నిండైనవి, పెదవులు దళసరివి. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగ నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర దామెర్ల రామారావు (1897–1925) లోని శక్తిని గుర్తించి బొంబాయి చిత్రకళాశాలకు పోవునట్లు తోడ్పడెను. అచ్చట పాశ్చాత్య పద్ధతిలో దేహపు కొలతలను చక్కగ నేర్చిన ఆ యువకుడు, తిరిగివచ్చి గోదావరి తీరమును, తెలుగు స్త్రీపురుషులను చిత్రించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మశూచికము ఆయనను బలిగొన్నది. ఆయన చిత్రములు రాజమహేంద్రవరపు చిత్రశాలలో నేటికిని చూడవచ్చును. గోదావరి జిల్లాల విద్యార్థు లొకసారి చూచి తీరవలయును. కరీంనగరు జిల్లాలోని బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠముగారు తెలంగాణపు పల్లె స్త్రీలను నల్లని మేనితో, పెద్ద బొట్టుతో, నిండైన ముఖముతో చిత్రించి కీర్తి గడించిరి. కూల్డ్రే దొరవంటి ఉపాధ్యాయుడు ఒక్కడు చాలును. ఏ బల్లమీద ఏ రామారావు కూర్చున్నాడో ఎవ రెఱుగుదురు?

మా వాదమునకు కొన్ని ఆక్షేపణలు కలవు. ఫొటోగ్రాఫు ఉండగా ముఖమును గీయుట యేల యని కొందఱందురు. ఫొటోగ్రాఫు ముఖమును రెప్పపాటులో పట్టును, పట్టినవాడు చూడనక్కఱలేదు. గీయువాడు అర్ధగంట ఒక్క ముఖమును చూచి తీరవలయును. ఆ అర్ధగంటయే విద్య. నియమములు బాలుర స్వేచ్ఛను చంపునని మఱికొందఱందురు. వ్యాకరణము నేర్చినందున కవి మూగవాడగుట మేము చూడలేదు. ఏ నియమమును నేర్పక విడిచిన బాలుడు స్వతంత్రుడు కాడు. క్యాలెండరు బొమ్మకు దాసుడగును. చిత్రలేఖనమువలన మార్కులు రావనియు ఉద్యోగములు దొరకవనియు తలిదండ్రు లందురు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా పత్రము పదవ తరగతివఱకు కళావిద్య తప్పనిసరి కావలయునని సిఫారసు చేసినది. దాని నటుంచినను, వైద్యుడు రోగిని, దాది బిడ్డను, ఉపాధ్యాయుడు శిష్యుని ముఖము చూచియే సగము సంగతి తెలిసికొనవలసియున్నది గదా! చూచుట నేర్చినవాడు ఏ వృత్తిలోనైనను నష్టపడడు.

కావున సహోపాధ్యాయులకు మా మనవి యిది. మొదటి రెండు వారములు కొలతలను నల్లబల్లపై గీచి, కంఠస్థమగునట్లు చేయింపుడు. మూడవ వారమున చిన్న అద్దము తెచ్చుకొని ఎవరి ముఖమును వారే గీయవలయును. పిమ్మట ఇద్దఱిద్దఱుగ ఎదురెదురుగ కూర్చుండబెట్టి, పెన్సిలు కాగితమునకు తాకకమునుపే, ఎదుటివాని ముఖము ప్రమాణమునకు ఏ మూడు చోట్ల భిన్నముగ నున్నదో వ్రాయింపుడు. ఆ మూడును చిత్రములో కనబడినచో పోలిక దానంతట అదే వచ్చును. రంగులు వేయునపుడు లేతగులాబి కడ్డీని పెట్టెలోనే యుంచి, గోధుమరంగు, ఎఱుపు, పసుపు, కొంచెము నీలము కలిపి ఎవరి చేతి రంగును వారు సాధింపవలయును. ఇంటివద్ద అవ్వను, వీధిలో కూరలమ్ము స్త్రీని, బడి గంట కొట్టు తాతను వారి యనుమతి గైకొని గీయవలయును. గీతకు మార్కులిండు, ముఖమునకు మార్కు లీయకుడు. ఒకని ముక్కును చూచి తరగతి నవ్వినచో ఆ దినమున పాఠము చెడినట్లే.

విద్యార్థులారా, సమూయేలు ప్రవక్త యెష్షయి యింటికి పోయి పెద్దకుమారుని యెత్తును రూపమును చూచి అతడే రాజనుకొని మోసపోయిన కథ మీ రెఱుగుదురు. అంత గొప్ప ప్రవక్తకే కన్ను తొందరపడెను. కొలతను తీర్పుగ వాడుట ఆ తొందరపాటునకే మఱియొక పేరు. దేవుని స్వరూపమున మనుష్యుడు సృజింపబడెనని మనము నమ్ముచున్నాము. ఆ స్వరూప మొక్క ముక్కులోనో, ఒక్క రంగులోనో ఉన్నదని లేఖనము చెప్పలేదు. కావున నిలువు గీతను, అడ్డగీతను చక్కగ నేర్వుడు. వానిని తేలికగ గీయుడు, పిమ్మట రబ్బరుతో తుడిచివేయవలసియున్నది గనుక. గీతలు తుడిచిన పిదప కాగితముపై మిగులవలసినది గ్రీకు విగ్రహము కాదు. మీ యెదుట కూర్చున్న తోటి మనుష్యుడు.